వేళ్లకు తెలిసిన నోటు

పోయినవారం నోటీసు దగ్గర ఆపాను కదూ. అది చదివి వినిపించింది నేనే కాబట్టి అందులో ఒక్క ముక్క కూడా మర్చిపోలేదు. మర్చిపోదామన్నా ఒళ్లు మంట చల్లారితేగా! బస్టాండులో మూడో ప్లాట్‌ఫారం పక్కన పదకొండేళ్లుగా మా మరిది నడుపుకుంటున్న కొట్టును ఎందుకు ఖాళీ చేయించకూడదో, సోమవారం పదకొండు గంటలకు మేనేజరు గదికి వచ్చి చెప్పుకోవాలట. చేసిన నేరం ఏమిటయ్యా అంటే నోట్లు పుచ్చుకోవడం. బస్టాండు మొత్తం ఫోను చెల్లింపులకు మారి నాలుగు నెలలైంది. నోటు ఇవ్వరాదు, తీసుకోరాదు అని ప్రతి స్తంభానికీ బోర్డు తగిలించారు. అయినా మా వాడు దొంగచాటుగా నోట్లు తీసుకుని జేబులో వేసుకుంటున్నాడని వాళ్ల అభియోగం. అమ్మిన సరుకుకూ, యంత్రంలో పడ్డ డబ్బుకూ పొంతన లేదట.

మా మరిదికి పుట్టుకతోనే చూపు లేదు. ఆ బస్టాండులో ఈ సంగతి తెలియని డ్రైవరు లేడు, కండక్టరు లేడు. నోటు చేతిలో పెడితే చాలు, అంచు వెంట బొటనవేలు ఒక్కసారి పోనిచ్చి అది ఎంతో చెప్పేవాడు. చెప్పడమే కాదు, వెంటనే మడత పెట్టేవాడు. పది అయితే నిలువుగా సగానికి. ఇరవై అయితే అడ్డంగా సగానికి మడిచి, ఒక మూల లోపలికి తిప్పేవాడు. యాభైకి మూడు మడతలు. వందను అసలు మడవడు. మళ్లీ చిల్లర ఇవ్వాల్సి వచ్చినప్పుడు సొరుగులో చెయ్యి పెడితే మడతే చెప్పేస్తుంది. ఒకసారి ఎవడో వేళాకోళానికి పది నోటిచ్చి వందకు చిల్లర అడిగితే, "తక్కిన తొంభై ఇంటి దగ్గర మర్చిపోయినట్టున్నావు నాన్నా, పోయి తెచ్చుకో, బస్సు నేను ఆపుతాలే," అన్నాడట. ప్లాట్‌ఫారమంతా నవ్వింది. పదకొండేళ్లలో మా వాడిని మోసం చేసిన మొనగాడు పుట్టలేదు.

అలాంటివాడి సొరుగు మూయించి, పక్కన ఒక మాట్లాడే పెట్టె పెట్టారు. ఎవరైనా ఫోనులో డబ్బు కొట్టగానే లోపలి నుంచి ఒక ఆడగొంతు "ఇరవై అందాయి, ధన్యవాదాలు" అంటుంది. మా ఇంట్లో దానికి మహాతల్లి అని పేరు పెట్టుకున్నాం. ఆ మహాతల్లి మాట నమ్మి సరుకు ఇవ్వడమే మా వాడి పని.

సోమవారం పదకొండుకు ఇంకా పది నిమిషాలుండగానే బయలుదేరాం. కొట్టు చూసే మనిషి లేక మరిది రేకు తలుపు కిందికి దించాడు. పట్టపగలు ఆ తలుపు దిగడం నేను ఎన్నడూ చూడలేదు. నా భుజం మీద చెయ్యి వేసి నడుస్తూ, "వదినా, నీ నడక చూస్తే కొట్లాటకు పోతున్నట్టుంది. కాస్త నెమ్మది," అన్నాడు.

"కొట్లాటకే కదా పోయేది."

"నాకు నా కొట్టు కావాలి తల్లీ. కొట్లాట నువ్వే ఉంచుకో."

నవ్వించాలనే అన్నాడు గానీ వేళ్లు నా భుజాన్ని గట్టిగా పట్టుకున్నాయి. ఆ కొట్టు పోతే వాడికి ఇంకో పని ఎవరిస్తారు? నెలనెలా ఇంట్లో ఒకరి ముందు చెయ్యి చాచనివాణ్ని, ఎదిగిన మగవాణ్ని, మూల కూర్చుని రేడియో వినమంటారా?

మేనేజరు గది గుమ్మంలో ఖాకీ చొక్కా, ఈల, నడుముకు తాళాల గుత్తితో మా ఆయన నిలబడి ఉన్నాడు. చెప్పాను కదా, ఆయన అదే బస్టాండులో కాపలా ఉద్యోగి. హాజరు పుస్తకంలో ఆయన పేరు ఎదుట సంతకం పెట్టేది ఈ మేనేజరే. తమ్ముడు పక్కనుంచి వెళ్తుంటే ఆయన గోడవైపు చూశాడు. నన్ను చూసి కళ్లతోనే 'నెమ్మది' అన్నాడు. అన్నకూ తమ్ముడికీ నాకు 'నెమ్మది' చెప్పడం మీదే యావ!

లోపల మూడు కుర్చీలున్నాయి. ఒకదాంట్లో ఆ పెట్టెలు బిగించిన కంపెనీ తరఫున వచ్చిన నీలంచొక్కా కుర్రాయన కూర్చున్నాడు. రెండోదాంట్లో అతని బ్యాగు కూర్చుంది. మూడోది మరిదికి చూపించారు. నేను నిలబడ్డాను. బ్యాగుకున్న పాటి విలువ నాకు లేకపోయింది.

"నూరు వస్తువులు అమ్ముడైతే డెబ్బై రెండింటికే చెల్లింపు వచ్చింది సార్. ఈ నాలుగు నెలల సగటు అది," అన్నాడు నీలంచొక్కా, ఒళ్లో పలక లాంటి తెర మీద వేలు జారుస్తూ. గొంతులో కోపం లేదు, జాలి లేదు. వాతావరణం చదువుతున్నట్టు చదివాడు.

"మరి ఆ ఇరవై ఎనిమిదీ గాలికి కొట్టుకుపోయాయా?" అన్నాడు మేనేజరు.

"అది అడుగుదామనే నేనూ వచ్చాను సార్," అన్నాడు మరిది.

"నన్నే అడుగుతావా! శనివారం తనిఖీలో నీ సొరుగులో ఏం దొరికిందో తెలుసా?" అంటూ మేనేజరు ఒక ప్లాస్టిక్ కవరు తీసి బల్ల మీద బోర్లించాడు. రెండు ఇరవై నోట్లు. హత్య జరిగిన చోట దొరికిన కత్తిని దాచినట్టు దాచారు వాటిని! దొంగనోట్లా? కావు. అచ్చేసింది ఎవరో దారినపోయేవాడా? కాదు. నిన్నమొన్నటి దాకా ఇదే మేనేజరు ఇదే కొట్లో ఇలాంటి నోటే ఇచ్చి చూయింగ్ గమ్ కొనుక్కున్నాడు.

నాకేం తోచిందో ఏమో, "అవి నావి సార్," అనేశాను. "శనివారం అన్నం క్యారియర్ తెచ్చినప్పుడు సొరుగులో పెట్టి మర్చిపోయాను. చెప్పకుండా పెట్టాను, అతనికి తెలియదు."

గుమ్మంలో మా ఆయన దగ్గాడు. ఆయనకు నా అబద్ధాలు దగ్గు తెప్పిస్తాయి.

"నీవా?" మేనేజరు నన్ను ఎగాదిగా చూశాడు. ఒక నోటు తీసి, మడత విప్పి, గాజుబల్ల మీద అరచేత్తో సాపు చేశాడు. సరిగ్గా అప్పుడే నీలంచొక్కా మరిదిని ఏదో అడిగాడు, కొట్టు ఎన్నింటికి తెరుస్తావనో ఏమో. మరిది అటు మొహం తిప్పి జవాబు చెబుతున్నాడు. "సరేలే, మీ వదినది మీ వదినకు ఇచ్చెయ్యి," అంటూ మేనేజరు ఆ నోటు తెచ్చి మరిది చేతిలో పెట్టాడు.

ఆ తర్వాత జరిగింది చూస్తూ కూడా ఆపలేకపోయాను. మరిది నోరు ఇంకా నీలంచొక్కాతోనే మాట్లాడుతోంది. "పొద్దున్నే అయిదింటికండీ, మొదటి బస్సుకు ముందే..." ఆ మాట సాగుతుండగానే కింద వేళ్లు తమ పని తాము చేసుకుపోయాయి. బొటనవేలు అంచు వెంట పోయింది. నోటు అడ్డంగా సగానికి మడత పడింది. గోరుతో ఒక రాపిడి. మూల లోపలికి తిరిగింది. పదకొండేళ్ల అలవాటు, ఎవరిని అడిగి ఆగుతుంది?

మేనేజరు దాన్ని లాక్కుని, కవరులోంచి పడ్డ రెండో నోటు పక్కన పెట్టాడు. రెండూ అచ్చు గుద్దినట్టున్నాయి.

"ఏమ్మా, ఈ మడత కూడా నీదేనా?"

నా మొహం భగ్గుమంది. సిగ్గుతో కాదు. ఒక మనిషి నేర్పును ఉచ్చులా వాడుకున్నందుకు! కళ్లున్నవాడికి కూడా చేతకాని పనిని చేసి చూపించిన వేళ్లను, దొంగతనానికి సాక్ష్యం అన్నందుకు!

మరిదికి ఏం జరిగిందో అర్థం కావడానికి ఒక్క క్షణం పట్టింది. చేతులు ఒళ్లోకి తీసుకున్నాడు. "వద్దులే వదినా," అన్నాడు మెల్లగా. "నావే సార్. నేనే తీసుకున్నాను."

"ఎవరి దగ్గర?"

"బన్ను కొన్నవాళ్ల దగ్గర."

"పేరు చెప్పు. ఇద్దరికీ నియమం ఒకటే. ఇచ్చినవాళ్లదీ తప్పే."

నాకు తెలుసు ఎవరో. ప్లాట్‌ఫారాలు ఊడ్చే పెద్దమ్మ. ఆమెకు ఫోను లేదు. జీతం కాంట్రాక్టరు చేతికిస్తాడు, నోట్లే ఇస్తాడు. తెల్లవారి ఊడ్చిన తర్వాత ఒక బన్ను, ఒక నీళ్ల సీసా ఆమె ఫలహారం. ఊరికే ఇస్తానంటే, "నేనేమన్నా అడుక్కుంటున్నానా నాయనా?" అని కోప్పడుతుంది. పేరు చెబితే సాయంత్రానికి ఆమె చీపురు ఇంకొకరి చేతిలో ఉంటుంది.

"చెప్పను సార్," అన్నాడు మరిది. "ఆకలేసింది, బన్ను అడిగారు. చేతిలో ఉన్నది ఇచ్చారు. నేను ఇచ్చాను. మీకు కావలసింది నేను కదా, నన్ను అడగండి."

"అయితే ఆ ఇరవై ఎనిమిది వంతులూ ఇలాంటి బన్నులేనన్నమాట!"

"కాదు సార్. అవి ఎటు పోయాయో నేను చెప్తాను వినండి. మహాతల్లి... అంటే, మీ పెట్టె నా కుడి చెవి పక్కన, అరమీద ఉంటుంది. దాని మాట కుడివైపు నుంచి రావాలి. రెండు నెలల నుంచీ కొన్నిసార్లు ఆ మాటే, ఆ గొంతే, ఎదురుగా నా ఛాతీ ఎత్తు నుంచి వస్తోంది. మొదట్లో బస్సుల హోరుకు అలా అనిపిస్తోందేమో అనుకున్నా. నిన్న బాగా చెవి పెట్టి విన్నా. పెట్టె నోరు మెదపలేదు. ఎవరి ఫోనులోంచో ఆ మాట మోగింది. 'నలభై అందాయి' అంది. నేను రెండు సీసాలు చేతికిచ్చా. వాళ్లు 'థాంక్యూ అన్నా' అని వెళ్లిపోయారు."

ఆ మాటకు మేనేజరు నిజంగానే ఆశ్చర్యపోయాడు. నీలంచొక్కా మాత్రం ఆశ్చర్యపోలేదు. అతను తెర మీద వేలు జార్చుతూనే అన్నాడు:

"అది మాకు తెలిసిన సమస్యే సార్. పెట్టె గొంతును రికార్డు చేసుకుని వినిపిస్తున్నారు. చాలాచోట్ల జరిగింది. రెండు నెలల కిందటే అందరికీ మెసేజ్ పంపాం. వ్యాపారి ఉత్త పెట్టె మాట విని సరుకు ఇవ్వకూడదు, ప్రతిసారీ స్క్రీన్ చూసుకోవాలి అని స్పష్టంగా రాశాం."

"ఎవరు చూసుకోవాలి?" అన్నాను.

"వ్యాపారి, మేడమ్."

"మళ్లీ చెప్పండి. ఈయన మొహం చూసి చెప్పండి. ఎవరు చూసుకోవాలి?"

అప్పటికి గానీ అతని వేలు ఆగలేదు. మరిదిని చూశాడు, చప్పున చూపు దించుకున్నాడు.

అరికాలి మంట నెత్తికెక్కింది నాకు. "రెండు నెలల నుంచీ తెలుసన్నమాట! తెలిసి మెసేజ్ పంపారు. చూపు లేని మనిషికి, చదువుకోమని! చూసుకోమని! వేళ్లతో చూసుకునేవాడు కదయ్యా పదకొండేళ్లూ. ఒక్కడన్నా ఒక్క పది కొట్టేయగలిగాడా? ఆ వేళ్లు పనికిరావన్నారు. చెవులు నమ్ముకోమన్నారు. ఇప్పుడు చెవులూ నమ్మొద్దు, కళ్లు తెచ్చుకోమంటున్నారు. ఎక్కడ దొరుకుతాయి అవి, మీ బ్యాగులో ఉన్నాయా? దొంగలెవరో సరుకు ఎత్తుకుపోతే, పోగొట్టుకున్నవాణ్ని కూర్చోబెట్టి దొంగ అంటారా? నోరెలా వచ్చిందసలు!"

"అమ్మా, అరవకు. ఇది ఆఫీసు," అన్నాడు మేనేజరు. కానీ గొంతులో ఇందాకటి బింకం లేదు. సొరుగులోంచి టైపు చేసిన కాగితం ఒకటి తీశాడు. "మేము సానుభూతితోనే ఆలోచించాం. కేసూ గీసూ వద్దు. ఇక్కడ సంతకం పెడితే గౌరవంగా తప్పుకున్నట్టుంటుంది. డిపాజిట్టు వెనక్కి ఇచ్చేస్తాం."

"చదివి వినిపించండి సార్," అన్నాడు మరిది.

"మామూలుదే. కొట్టు వదులుకుంటున్నట్టు."

"మామూలుదైతే చదవడానికేం?"

నేను కాగితం లాక్కున్నాను. పైకి చదివాను, ప్రతి అక్షరం గుమ్మం దాకా వినపడేలా. "'నా దృష్టిలోపం కారణంగా వ్యాపారం సక్రమంగా నిర్వహించలేక, కొట్టును స్వచ్ఛందంగా వదులుకుంటున్నాను. ఆ స్థలంలో కంపెనీ వారు స్వయంచాలిత అమ్మకపు యంత్రం పెట్టుకోవడానికి నాకు ఎటువంటి అభ్యంతరమూ లేదు.'"

ఓహో! అదీ సంగతి. బ్యాగుకు కుర్చీ ఎందుకేశారో అప్పుడర్థమైంది.

మరిది మొహం ఎర్రబడింది. నా పెళ్లయిన దగ్గర నుంచీ వాణ్ని చూస్తున్నాను, వాడికి కోపం రావడం నేనెరగను. "నిర్వహించలేక, అన్నారా?" అన్నాడు. "పదకొండేళ్లలో ఒక్క రోజు అద్దె ఆలస్యం చేశానా సార్? ఒక్క ప్రయాణికుడు నా మీద ఫిర్యాదు రాశాడా? చేతులు కట్టేసింది మీరు. కట్టేసిన చేతులు చూపించి, చేతకానివాడు అని నా చేతే రాయిస్తారా? నేను సంతకం పెట్టను."

"పెట్టకపోతే తాళం పడుతుంది. సాయంత్రం దాకా కూడా ఆగను, ఇప్పుడే," అన్నాడు మేనేజరు.

"సరే సార్. తాళం పడేదాకా అది నా కొట్టే కదా. తెరుచుకుంటాను."

లేచాడు. నా భుజం కోసం చెయ్యి చాచలేదు. గుమ్మం దగ్గర అన్నను రాసుకుంటూనే బయటికి నడిచాడు. మా ఆయన కిమ్మనలేదు. అప్పుడు ఆ మనిషిని చూసి ఎంత అసహ్యం వేసిందో చెప్పలేను. నన్ను కట్టుకున్నవాడని కూడా చూడకుండా, "నోట్లో నాలుక ఇంట్లో పెట్టి వచ్చావా?" అని పళ్లు నూరి, మరిది వెనకాల పరిగెత్తాను.

నేను చేరేసరికి రేకు తలుపు ధడాలున పైకి లేచింది. లోపలికి పోయి ముందుగా చేసిన పని, అరమీద పెట్టె వైరు పీకేయడం. మహాతల్లి నోరు మూతపడింది. తర్వాత బల్ల మీద రెండు చేతులూ ఆనించి, ఎండాకాలం బస్సుల రద్దీలో అరిచినట్టు గొంతెత్తాడు.

"నీళ్లు, బిస్కెట్లు, బన్నులు! నోటున్నవాళ్లు నోటివ్వండి! ఫోనున్నవాళ్లు అవతలి కొట్టుకు పోండి! నోట్లే! ఇక్కడ నోట్లే!"

"నీకేమన్నా మతిపోయిందా?" అన్నాను గుసగుసగా. "కొంచెం దిగొస్తే, డిపాజిట్టన్నా..."

"వదినా, ఇందాక కొట్లాట కావాలన్నది నువ్వే. ఇప్పుడు పక్కకు జరిగి బన్నులు అందించు."

ప్లాట్‌ఫారం మీద జనం తలలు తిప్పి చూశారు. ఒక్కరూ కదల్లేదు. పైన స్తంభం మీద బోర్డు ఉంది, అందరి కళ్లూ దాని మీదికి పోయి మళ్లీ కిందికి వచ్చాయి. ఎవ్వరూ రాకపోతే? ఆ అవమానం వాడు భరించగలడా?

బరబరమని చీపురు ఈడ్చుకుంటూ పెద్దమ్మ వచ్చింది. దొంగచాటుగా కాదు, ప్లాట్‌ఫారం నడిమధ్య నుంచి. కొంగుముడి విప్పి, ఉండచుట్టిన నోటు బల్ల మీద పెట్టింది. "బన్ను నాయనా. ఎవడొచ్చి అడుగుతాడో అడగనీ, ఇక్కడే నిలబడి తింటా."

మరిది ఆ నోటును సాపు చేశాడు. అంచు వెంట బొటనవేలు పోనిచ్చి, అడ్డంగా మడిచి, మూల తిప్పాడు. "ఇరవై," అన్నాడు. ఆ మాట అంటుంటే వాడి మొహం చూడాలి మీరు! నాలుగు నెలల తర్వాత వాడి గొంతు వాడికి దొరికినట్టుంది.

ఆమె వెనకాల మూటలు మోసే కూలీ వచ్చి నిలబడ్డాడు. అతని వెనకాల, ఫోను చచ్చిపోయి పొద్దుటి నుంచీ నీళ్లు కూడా కొనుక్కోలేదంటూ చంటిబిడ్డతో ఒకావిడ. ఆమె వెనక ఒక ముసలాయన, తన చొక్కా లోపలి జేబుకు కుట్టించుకున్న గుండీ విప్పుకుంటూ. ఆ తర్వాత ఒక కండక్టరు. "నా చేతికి కూడా మిషనే ఇచ్చారు అన్నా, చిల్లర గలగలలు లేక పిచ్చెక్కుతోంది," అంటూ నవ్వాడు. ఎక్కడెక్కడ దాచుకున్నారో గానీ, పర్సుల అడుగు నుంచీ, పుస్తకాల మధ్య నుంచీ, సాక్సుల్లోంచీ కూడా నోట్లు బయటికొచ్చాయి. పదిమంది, ఇరవైమంది. వరస మూడో ప్లాట్‌ఫారం దాటి రెండో దానికి పాకింది. బన్నులందించలేక నా చేతులు పడిపోతున్నాయి. "యాభై," అంటున్నాడు మరిది, "పది... పది... వంద," అంటున్నాడు. ఒక్కటి తప్పలేదు.

తల ఎత్తి చూసేసరికి వరస చివర ఖాకీ చొక్కా కనిపించింది.

మా ఆయన. కుడిచేతిలో అరచెయ్యంత ఇత్తడి తాళం. వెనక పది అడుగుల దూరంలో మేనేజరు, అతని పక్కన నీలంచొక్కా. తాళాన్ని చూసి వరసలోవాళ్లు పక్కకు తప్పుకుని దారి ఇచ్చారు. ఆయన ముందుకు రాలేదు. అక్కడే, ఆఖరున నిలబడ్డ మనిషి వెనకాలే ఆగిపోయాడు.

మరిది చేతిలో సగం మడిచిన నోటు అలాగే ఉండిపోయింది. ఆ బూట్ల చప్పుడు వాడికి చిన్నప్పటి నుంచీ తెలిసిన నడకది. తల కాస్త పక్కకు వంచి, అంతమంది మీదుగా అటువైపే మొహం తిప్పాడు.

"అన్నయ్యా," అన్నాడు. "వరసలో నిలబడ్డావా, తాళం వెయ్యడానికొచ్చావా?"